భద్రతాశబ్దము – భయహేతువు

గోదావరిఖనిలో బొగ్గుగనికి దిగు కార్మికుఁడు దినమునకు రెండు మాటలను వినును. గనిముఖమునఁ గట్టిన ఫలకములయందును, యాజమాన్యము జరపు వారోత్సవముల యుపన్యాసములయందును వినవచ్చునది ‘రక్షణ’. గని వెలుపల, ఠాణాయొద్దను, శాసనసభాప్రసంగములయందును, వార్తాపత్రికలయందును వినవచ్చునది ‘భద్రత’. లోకము ఈ రెంటిని పర్యాయపదములుగాఁ దలఁచుచున్నది. కాని పర్యాయములని తోఁచు శబ్దములకు నాకాంక్షయందు భేదమున్నయెడల నర్థమునందును భేదము తప్పదు. ఆ భేద మెట్టిదో, సింగరేణి సీమయొక్క యేఁబదియేండ్ల రాజకీయచరిత్రమున నది యెట్టి పని చేసినదో, ఆ సీమయందలి రచయితలు దాని నెంతవఱకుఁ గనిపెట్టిరో విచారింపఁదగియున్నది.

పాణిని కారకప్రకరణమున భయార్థకధాతువులను, త్రాణార్థకధాతువులను నొకే సూత్రమునఁ గూర్చి, రెంటికిని భయహేతువే యపాదానమగునని విధించెను. తోడేళ్లవలన వెఱచుట, దస్యులవలనఁ గాపాడుట యనునవి ప్రాచీనోదాహరణముల తీరు. చిన్నయసూరియు బాలవ్యాకరణ కారకపరిచ్ఛేదమున నీ మార్గమునే త్రొక్కి, భయమును త్రాణమును ‘వలన’ వర్ణకమునకు నిమిత్తములుగా నొకచోటనే పఠించెను. ఇది కేవలము సూత్రలాఘవముకొఱకుఁ జేసిన పని కాదు. వెఱచువాఁ డొకఁడు, కాపాడువాఁడు వేఱొకఁడు. అయినను రెండు క్రియలును ఒకే హేతువునందు ముడివడియున్నవి. ఎవఁడైన ‘నేను గాపాడుచున్నాను’ అనఁగానే ‘దేనివలన?’ అను ప్రశ్న పుట్టును. దానికి బదులు చెప్పనంతకాలము వాక్యము నిరాకాంక్షము కాదు.

భద్రశబ్దముయొక్క స్వభావము వేఱు. అది కల్యాణమును సుఖమును జెప్పు ధాతువునుండి పుట్టినది; దానిపై భావార్థమున వచ్చిన తద్ధితప్రత్యయముతో ‘భద్రత’ యయ్యెను. శుభముగా నుండుట యని యర్థము. అది స్థితిని జెప్పునుగాని వ్యాపారమును జెప్పదు. స్థితికిఁ గర్తతోడనే పనిలేదు. ఇంక నపాదానముతోఁ బని యెక్కడిది? కావున ‘భద్రత కల్పించుచున్నాము’ అనువానిని ‘ఎవరికి?’ అని మాత్రమే లోకము ప్రశ్నించును, ‘దేనివలన?’ అని ప్రశ్నించుటకు శబ్దమే యవకాశ మియ్యదు. రక్షణశబ్దము భయహేతువును బయటికిఁ దెచ్చును, భద్రతాశబ్దము దానిని దాఁచును. (తెలుఁగున ‘భద్రపఱచుట’ యనఁగాఁ బెట్టెలోఁ బెట్టి తాళము వేయుట యనియే యిండ్లలో వాడుక. నిర్బంధశాసనములను వ్రాసినవా రీ యర్థమును స్మరించియుందురో లేదో!)

మొదట గనిని జూతము. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుఁడు విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించెను. 1886లో హైదరాబాదు (దక్కన్) కంపెనీ గనిహక్కులను బొందెను. 1920లో నది సింగరేణి కాలరీస్ కంపెనీ యయ్యెను. 1945లో నిజాముప్రభుత్వము వాటాలలో నధికభాగమును గొనెను. నేఁడు రాష్ట్రమునకు నూటికి 51, కేంద్రమునకు 49 వాటాలు. రామగుండము క్షేత్రమున గనులు 1960వ సంవత్సరపుఁ బరిసరములఁ బుట్టినవి. గోదావరిఖని యను నూరును వానితోడనే పుట్టినది. ఊరిపేరున సంస్కృతపు ‘ఖని’ యున్నను, కార్మికుఁడు మాత్రము దానిని ‘బాయి’ యనును. నీళ్లబావికి వాడు మాటనే బొగ్గుగనికిని వాడుటలో నొక యౌచిత్యము కలదు. దిగినవాఁడు పైకి వచ్చునో రాఁడో యను శంక రెండుచోట్లను సమానమే కదా.

ఈ బాయిలో భయహేతువునకుఁ బేరున్నది. పైకప్పు, నీరు, విషవాయువు, నిప్పు. 1952 నాఁటి గనులచట్టమును దాని ననుసరించిన నిబంధనలును వీనిని బేరుపేరున గ్రహించి, కప్పునకు దన్ను లెట్లుంచవలయునో, గాలి యెట్లు పాఱవలయునో, పాఁతగనులలో నిలిచిన నీటి కెంత దూరమునఁ బని యాపవలయునో చెప్పినవి. 2003 జూన్ 16వ తేదిని గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చి పదునేడుగురు మరణించిరి. ఆ సంవత్సరముననే అక్టోబరు 16వ తేదిని 8ఏ గనిలోఁ గప్పు కూలి పదుగురు మరణించిరి. నాలుగునెలలలో నిరువదియేడు ప్రాణములు. రక్షణ విఫలమైనది. అయినను, విఫలమైనదని చెప్పుటకు వీలయినది. ఏల యనఁగా నీటివలన రక్షింపవలసినవా రెవరో, ఏ గోడ యెంత మందముండవలసెనో యడుగుటకు శబ్దమును శాసనమును రెండును దారి యిచ్చినవి. అపాదానము నిర్దిష్టమైనచోఁ గర్త తప్పించుకొనఁజాలఁడు.

ఇంక గని వెలుపలికి వత్తము. ఆకరమునుండి కోశమును, కోశమునుండి దండమును బుట్టునని కౌటిల్యుఁ డర్థశాస్త్రమునఁ జెప్పెను. బొగ్గున్నచోట ధనమును, ధనమున్నచోట దండమును నుండుట కాతనిమాట చాలు. ఉత్తరతెలంగాణమున దండము బయలుపడిన తీరు చెప్పవలసియున్నది. 1978 అక్టోబరులోఁ గరీంనగరు జిల్లాయందలి సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలు ‘కల్లోలిత ప్రాంతములు’గాఁ బ్రకటింపఁబడినవి. 1980లో జాతీయభద్రతాచట్టము వచ్చెను. 1985లో టాడా వచ్చి పదియేండ్లుండి 1995లో గడువు తీఱెను. నడుమ 1992లో రాష్ట్రము తన ప్రజాభద్రతాచట్టమును జేసికొని, దానిక్రింద పీపుల్స్‌వార్ పక్షమును, దాని యనుబంధసంఘములను నిషేధించెను. వానిలో సింగరేణి కార్మికసమాఖ్య యొకటి. ఒక్కదినము చట్టవిరుద్ధముగా సమ్మె చేసినచో నెనిమిదిదినముల కూలి కోయు విధానమునకు విరోధముగా 1981లో నేఁబదియాఱుదినములు సాఁగిన సమ్మెనుండి యా సమాఖ్య రూపుగొన్నది. అది సాయుధపక్షపుఁ గనుసన్నల మెలఁగినదనుట యసత్యము కాదు. కాని కూలికోఁత విషయమునఁ గార్మికుఁడు పడిన రోషము సాయుధపక్షము పుట్టించినదనుట యంతకన్న ననత్యము కాఁజాలదు.

‘ప్రజాభద్రత’ యను సమాసమునకు విగ్రహ మెట్లు? ప్రజలయొక్క భద్రత యని షష్ఠి చెప్పుదురు; ప్రజలకొఱకు భద్రత యని చతుర్థి చెప్పినను నింద్యము కాదు. పాణిని తత్పురుషప్రకరణమున రక్షితశబ్దముతోఁ జతుర్థ్యంతమునకు సమాసము చెప్పి, వెంటనే తరువాతి సూత్రమున భయశబ్దముతోఁ బంచమ్యంతమునకు సమాసము చెప్పెను. గోరక్షితము గోవులకొఱకు దాఁచినది. చోరభయము చోరులవలన భయము. రెండు సూత్రములును ఇరుగుపొరుగున నున్నవి, కాని విభక్తి మాఱెను. ప్రజలు రక్షితశబ్దముప్రక్కఁ జేరినయెడల వారికొఱకే సర్వమును; భయశబ్దముప్రక్కఁ జేరినయెడల వారివలననే సర్వమును. చట్టపుఁబేరున భయశబ్దము లేదు. కాని చట్టములోనికిఁ బోయి చూడఁగా, ప్రశాంతికి భంగము కలిగించు క్రియయే కాక, దానికి భంగము కలిగించు మొగ్గుగల క్రియయుఁ జట్టవిరుద్ధకార్యముగాఁ బరిగణింపఁబడినది. క్రియను వదలి తాచ్ఛీల్యమును, అనఁగా స్వభావమును, శిక్షించుట యిది. ఎవని స్వభావమునం దే మొగ్గు కలదో నిర్ణయించు నధికారము పాలకునిదైనప్పుడు, ప్రజలలోఁ బ్రతివాఁడును సంభావితమైన యపాదానమే యగును. కావున నా సీమయం దీ సమాసము వ్యవహారమునఁ బంచమీతత్పురుషముగానే నడచినది: ప్రజలవలన భద్రత. శాస్త్రమున దీనికి విధి లేదు.

తెలుఁగుభాషయే యిచటఁ గొంత దోషమునకుఁ దోడ్పడినది. వెఱచుట కాధారమైనదానిని మనవారు ‘వలన’తోడనేకాక ‘కు’తోడను జెప్పుదురు: పులికి వెఱచెను. భయ మెవనియం దుండునో వానికిని ‘కు’యే: బాలునకు భయము. ‘పోలీసులకుఁ బ్రజలకు భయము’ అన్నప్పు డెవరు వెఱచుచున్నారో యెవరివలన వెఱచుచున్నారో వాక్యము చెప్పదు, ప్రకరణమే చెప్పవలయును. రామగుండమున 1990వ దశకమునఁ బ్రకరణమును జెప్పలేదు. ఇరువురును వెఱచియుండిరి.

భయము లేకయే భయమును జెప్పుట కలదా యనినచో, కలదు. పాణినిసూత్ర మనావశ్యకమని పతంజలి మహాభాష్యమున నాక్షేపించిన తీరు విద్వాంసు లెఱిఁగినదే. ఆలోచించి చేయువాఁడు తోడేళ్లను గూర్చి తలపోసి, అవి నన్నుఁ జూచినచోఁ జావు నిశ్చయమని బుద్ధితో వానిని జేరి, బుద్ధితోడనే వెనుకకు మఱలును. కాఁబట్టి యిదియు విశ్లేషమే, పూర్వసూత్రముచేతనే యపాదానము సిద్ధించునని యాతని వాదము. భయము బుద్ధియందు జరుగు రాకపోకయని దీనివలనఁ దేలుచున్నది. ఆధునికశాసనములలోని ముందుజాగ్రత్త నిర్బంధమునకు నిదియే మూలము. నేరము జరుగలేదు, జరుగునని యధికారి బుద్ధి ముందుగాఁ బోయి చూచి వచ్చినది. కాని పతంజలి యొకమాట చేర్చెను: ఆ బుద్ధి ప్రేక్షాపూర్వకారియైనవానిది, అనఁగా విమర్శించి చేయువానిది, కావలయును. నిర్బంధశాసనములయందు నిర్బంధించు నధికారియొక్క ‘సంతృప్తి’యే ప్రమాణము, ఆ సంతృప్తికిఁ గల హేతువులు చాలునా చాలవా యని న్యాయస్థానము తూఁచి చూచుట యాచారము కాదు. 1950లో ఏ.కే. గోపాలను అభియోగమున నీ మార్గము స్థిరపడెను. 1976 ఏప్రిలులో, అత్యవసరపరిస్థితి నడుచుచుండఁగా, సర్వోన్నతన్యాయస్థానము నిర్బంధితుఁడు న్యాయస్థానమునకు మొఱపెట్టుకొనుటకే యర్హుఁడు కాఁడని తీర్చెను. ఆ తీర్పు తప్పని యదే న్యాయస్థానము చెప్పుటకు 2017వ సంవత్సరము రావలసెను. ప్రేక్ష లేని భయమునకు నలువదియొక్క సంవత్సరముల యాయువు!

ఈ దోషము మనదేశమునకే చెందినది కాదు. అమెరికా దేశాధ్యక్షుఁడు రూజ్‌వెల్టు 1933లో భయమునకే భయపడవలయునని చెప్పి ప్రసిద్ధి గాంచెను. 1941లో భయమువలన విముక్తిని మనుష్యస్వాతంత్ర్యములలో నొకటిగా లెక్కించెను. వినుటకు సొంపైన మాటలే. కాని భయమునే భయహేతువుగాఁ జెప్పుటవలన నసలు హేతువునకుఁ బేరు లేకపోయెను. 1942 ఫిబ్రవరిలో నాతఁడే సంతకము చేసిన యుత్తరువువలన జపానుసంతతివారు సుమారు లక్షయిరువదివేలమంది నిర్బంధశిబిరములకుఁ బోయిరి. పేరు లేని హేతువుస్థానమున వారు నిలుపఁబడిరి.

మరల గోదావరీతీరమునకు వత్తము. అచటి పత్రికాభాషలో భద్రతకుఁ దోఁబుట్టువైన పద మొకటి ‘ఎదురుకాల్పులు’. ఇద్దఱొకరిపై నొకరు చేయు క్రియను సంస్కృతవైయాకరణులు కర్మవ్యతిహార మందురు. జుట్టుజుట్టు పట్టుకొని పోరుట కేశాకేశి. కఱ్ఱలతో నొకరినొకరు మోఁదికొనుట దండాదండి. ఒకఁడు కట్టువడియుండఁగా వేఱొకఁడు మోఁదినచో నది దండాదండి కాదు, దండము మాత్రమే. ‘ఎదురు’ అను తెలుఁగుమాటయు నదే నియమమునకు లోఁబడవలయును. అట్లుండఁగా నొకప్రక్క ప్రాణములును, వేఱొకప్రక్క గాయము కూడ లేకుండుటయు నెన్నిమార్లు సంభవించినను పత్రికలు ‘ఎదురు’ను విడువలేదు. 1996 నవంబరులో జాతీయ మానవహక్కుల సంఘము, పౌరహక్కులసంఘమువారు చేసిన ఫిర్యాదును విచారించి, ఆత్మరక్షణార్థము కాల్చితిమనుట నేరవిచారణలోఁ దేలవలసినదేకాని ముందుగా సిద్ధమని యనుకొనరాదని యభిప్రాయపడెను. 2014లో సర్వోన్నతన్యాయస్థానము ప్రతిమరణమునకును బ్రథమసమాచారనివేదికయు, స్వతంత్రమగు దర్యాప్తును నుండవలయునని విధించెను. వ్యతిహారము జరిగినదా లేదా యని మొదట నిరూపింపుఁడని చెప్పుటయే యిది. వైయాకరణుఁడు మొదటిదినముననే యడుగవలసిన ప్రశ్న.

భరతుఁడు నాట్యశాస్త్రమున భయానకమును ద్రివిధముగాఁ జెప్పెను: వ్యాజమువలనఁ గలుగునది, అపరాధమువలనఁ గలుగునది, బెదరింపువలనఁ గలుగునది. సింగరేణిసీమ మూఁటిని నెఱుఁగును. రాజ్యము చూపిన భయ మంతయు వ్యాజమనుట న్యాయము కాదు. గోదావరిఖనికిఁ బొరుగుననే యున్న మంథని ప్రాంతపు నాయకుఁడును, శాసనసభకు సభాపతిగా నుండినవాఁడును నగు డి. శ్రీపాదరావు 1999 ఏప్రిలులో నక్సలైట్లచేతఁ జంపఁబడెను. రాజ్యమున కసలగు భయహేతువు కలదు. కాని యున్న భయహేతువును నిర్దేశింపక, ‘భద్రత’ యను మాటలో దానిని గలిపివేసి, కూలిపెంపు గోరువానిని, పాటపాడువానిని, పుస్తకము దాఁచుకొన్నవానిని దానిక్రిందనే లెక్కించుట వ్యాజము. బెదరింపువలనఁ గలుగు భయమున కుభయపక్షములును గర్తలే.

ఇంక నిర్వేదము. దారిద్ర్యము, వ్యాధి, అవమానము, అధిక్షేపము మొదలగువానివలనను, తత్త్వజ్ఞానమువలనను నిర్వేదము పుట్టునని శాస్త్రము. తత్త్వజ్ఞానజన్యమైనది శాంతమునకు స్థాయి కాఁదగును, తక్కినది వ్యభిచారిభావమే. బొగ్గుసీమయందలి రాజకీయనిర్వేదము రెండవజాతిది. అది యెట్లు పుట్టెనో సంవత్సరములే చెప్పుచున్నవి. 1977లో నత్యవసరపరిస్థితి తొలఁగెను. మఱుసటియేఁడే కల్లోలిత ప్రాంతములు. నక్సలైట్లను దేశభక్తులని పొగడి 1983లో నధికారమునకు వచ్చిన పక్షమే యా దశాబ్ది ముగియకముందు కఠినదండమును బ్రయోగించెను. 1990లో సభలకు ననుమతి, 1992లో నిషేధము. 1995లో నిషేధము వీడెను. 1996లో మరలఁ బడెను. 2004 అక్టోబరులో హైదరాబాదున సంప్రదింపులు; 2005 ఆగస్టులో నిషేధము, ఈ మాఱు విప్లవరచయితల సంఘముమీఁదఁగూడ. సలహామండలి యా సంఘముమీఁది నిషేధమునకు హేతువు చాలదని చెప్పుటచే నవంబరులోనే యది తొలఁగెను. తలుపు తెఱచుట, మూయుట, తెఱచుట, మూయుట. ఇంతమా ర్లీ చర్య జరుగఁగా, ఓటు వేసినవాఁడు తాను భయహేతువును మార్చుచున్నానో, భయహేతువుయొక్క పేరును మార్చుచున్నానో తెలియక నిర్విణ్ణుఁడయ్యెను. అట్టి నిర్వేదమును గోపముగాఁ దలఁచి పొగడుటయు, ఉదాసీనతగాఁ దలఁచి నిందించుటయు విమర్శకులలోఁ గలదు. రెండును బొరపాటులే.

సాహిత్య మేమి చేసినది? అల్లం రాజయ్య, గోదావరిఖనిలోఁ గార్మికుఁడుగా నుండి వ్రాసిన తుమ్మేటి రఘోత్తమరెడ్డి మొదలగువారి కథలవలన బొగ్గుబాయి తెలుఁగువచనమునఁ జోటు గనెను. అది చిన్న లాభము కాదు. నూఱేండ్లు బొగ్గు త్రవ్విన సీమ యంతకుముందు కథలో దాదాపు లేదు. రాజ్యమును భయహేతువుగా నిర్దేశించుటలో నీ సాహిత్యమునకు సంకోచము లేదు. శాసనము దాఁచిన యపాదానమును గథ బయటఁబెట్టినది. ఇంతవఱకుఁ బ్రశంస.

కాని భయమునే చిత్రించు సందర్భమున నా సీమయందలి రచన పెక్కుచోట్ల వెనుదీసినది. దాని ప్రధానరసములు వీరమును గరుణమును; భయానక మంగముగాఁ గూడ నరుదు. భరతుఁడు భయమును స్త్రీలకును, నీచప్రకృతులకును జెప్పి, యుత్తమప్రకృతికి దానిని నిరాకరించెను. అలంకారశాస్త్రమును భూస్వామ్యశాస్త్రమని త్రోసివేసిన రచయిత లీ యొక్క నియమమును మాత్రము శిరసావహించిరి! వారి నాయకుఁడు వెఱవఁడు. వెఱచినవాఁడు ద్రోహి యగును, లేక తల్లియో యిల్లాలో యగును. ఇందుచేత రెండవ భయహేతువు రచనలోనికి రాలేదు. తమపక్షమువారివలనఁ గలుగు భయ మది. ‘ఇన్ఫార్మరు’ అను మాటను జూడుఁడు. తెలుఁగున వేగు, చారుఁడు అను మాట లుండఁగా నీ పరభాషాపద మేల నిలిచెను? వేగు ఎవని వేగో చెప్పవలసిన మాట. రాజును, జీతమును, పనియు నుండును. ‘ఇన్ఫార్మరు’న కట్టి యాకాంక్ష లేదు. ఎవనిమీఁదఁ బడిన వాఁడే యగును. తీర్చినవాని సంతృప్తియే ప్రమాణము. శాసనమున నిందింపఁబడిన దోషమే యడవిలోను గలదని చెప్పుట కే కథకుఁడు గట్టిగాఁ బూనుకొనెను? వచనరచన చేసినవారిలో నీ ప్రశ్నను సూటిగా నడిగినవాఁడు గణితశాస్త్రమునుండి వచ్చి పౌరహక్కులకుఁ బాటుపడిన కె. బాలగోపాల్, ఆ భేదమువలననే 1998లో వేఱుపడి మానవహక్కులవేదిక స్థాపించినవారిలో నాతఁ డొకఁడు. వ్యాసములోనికి వచ్చిన యీ ప్రశ్న కథలోనికి రాకపోవుట కొఱఁత.

భయమును నీచధర్మమని తలఁచుటవలననే యీ కొఱఁత కలిగినది. అట్లు తలఁపవలసిన పని బాయికార్మికుని గూర్చి వ్రాయువానికి లేదు. బదిలీ మొదటఁ బనిచోటునకుఁ బోయినవాఁడు కఱ్ఱతోఁ గప్పును దట్టి వినును. గట్టిగా మ్రోఁగినచో నిలుచును. డొల్లగా మ్రోఁగినచో వెనుకకు వచ్చి సర్దారునకుఁ జెప్పును. బుద్ధితోఁ జేరి బుద్ధితో మఱలుటయని భాష్యకారుఁడు చెప్పినదానిని వీఁడు దినమును జెవితోఁ జేయుచున్నాఁడు. వీఁడు భీరుఁడు కాఁడు, నీచప్రకృతి కాఁడు. ఈ తట్టుట, ఈ వినుట, వెనుకకు వేసిన యీ యడుగు గల కథ యొకటి యా సీమనుండి రావలసియున్నది. ‘లొంగుబాటు’, ‘జనజీవనస్రవంతి’ యను మాటలకును నిట్టి పరీక్ష యవసరమే. అవి వేఱొక వ్యాసమునకుఁ దగినవి.